మా ల్యాబులో పాసైన ఒక్క మనిషి

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహించిన డాక్టర్ కేదార్ గారికి, నాకు పని నేర్పిన పెద్దలకు, ఈ పంజాగుట్ట ల్యాబులో ముప్ఫై ఒక్క ఏళ్ళు నన్ను భరించిన మిత్రులకు, ముందు వరసలో కూర్చుని త్వరగా ముగించమని సైగ చేస్తున్న మా ఆవిడ స్వరాజ్యానికి, రోజూ మన ల్యాబు ఊడ్చి తుడిచే మంగవ్వకు ఈ హనుమత్ప్రసాద్ నమస్కారాలు. (నవ్వులు)

ఇన్నేళ్ళూ మైక్రోస్కోపులో కనిపించిన ప్రతి సూక్ష్మజీవినీ శత్రువనే అనుకున్నాను. మన పేగుల్లో కోటానుకోట్ల జీవులు కాపురముంటూ, మనం తిన్నది అరిగించి పెడుతూ, వచ్చే జబ్బును అడ్డుకుంటాయని చదివి, పరీక్ష రాసి, మర్చిపోయాను. మెడికల్ రెప్‌లు ఇచ్చిపోయే శాంపిల్ యాంటీబయాటిక్‌లు నా టేబుల్ సొరుగు నిండా ఉండేవి. ఎవరికి గొంతు నొప్పి వచ్చినా నా దగ్గరికే వచ్చేవారు. ఏ మందుకు ఏ జీవి లొంగడం లేదో పొద్దంతా రిపోర్టులు రాసేదీ మనమే, సాయంత్రం ఆ మందే మింగేదీ మనమే. సురేందర్ భాయ్, తల దించుకోకు, నీకంటే నేనే ఎక్కువ మింగాను. (నవ్వులు)

రెండేళ్ళ కిందట స్వరాజ్యానికి జలుబు చేస్తే ఆ సొరుగులోవే ఇచ్చాను, తగ్గకపోతే ఇంకో రకం ఇచ్చాను. లోపలి మంచి జీవులన్నీ తుడిచిపెట్టుకుపోయి, ఒక మొండిది మాత్రం మిగిలి పేగుల్ని ఆక్రమించింది. రోజుకు పదిహేను సార్లు విరేచనాలు, నలభై రోజుల్లో పద్నాలుగు కిలోలు తగ్గిపోయింది, బతుకుతుందన్న ఆశ వదులుకున్నాను. ఆ మందిచ్చింది నేనే.

ఆరోగ్యవంతుల మలంలోని జీవుల్ని ఆమె పేగుల్లోకి ఎక్కించడం ఒక్కటే దారి అన్నారు డాక్టర్లు. దాత ఈమధ్య యాంటీబయాటిక్ వాడి ఉండకూడదు. మనలో పన్నెండు మంది పరీక్షకు ఒప్పుకున్నారు. శానిటైజర్లు, ఫిల్టర్ నీళ్ళు, అమీర్‌పేట టిఫిన్లు, వాటిపైన నా మాత్రలు, పదకొండు మందీ ఫెయిల్. ఇంటి నుంచి జొన్న గటక, మజ్జిగ తెచ్చుకునే మంగవ్వ ఒక్కతే పాసయింది. మొదట నేను నీళ్ళు నములుతూ ఆమెను అడిగినప్పుడు, "గిది అడగనీకి గంత ఫికరెందుకు సార్, నాకేమన్న తరుగుతదా" అంది.

ఎక్కించిన మూడో రోజు స్వరాజ్యం పెరుగన్నం తిని నిలుపుకుంది. కంటికి కనిపించని ప్రాణులు ఒక మనిషిలోంచి వెళ్ళి, ఇంకో మనిషిని లేపి కూర్చోబెట్టాయి.

దాత ఎవరో రోగికి చెప్పరు. మంగవ్వ సరేనన్నాక ఇవాళ పొద్దున ఇంట్లో చెప్పాను. రిపోర్టులు తెచ్చివ్వడానికి ఎర్రమంజిల్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడల్లా మంగవ్వకు విడిగా ఉంచిన గ్లాసులో టీ ఇచ్చేవాళ్ళం, ఇరవై ఏళ్ళు. "మనం ఎందుకలా ఇచ్చేవాళ్ళమో ఆవిడకు తెలుసా?" అని అడిగింది స్వరాజ్యం. ఇది సభలో చెప్పమన్నది కూడా తనే.

తెలుసు. తెలిసే ఇచ్చింది.

మంగవ్వా, మమ్మల్ని క్షమించు. మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.