విమానం కాడ కాంటా

1964. సొంత విమానమున్న దొర వెంట వంటకని ఆఫ్రికా వెళ్లినాయన ఇవాళే తిరిగొచ్చాడు. బోధన్ స్టేషన్‌కు ఎదురొచ్చిన భార్యే, ఇద్దరూ గుర్రపు టాంగాలో ఇంటికి పోతుంటే, ముందు మాట కలిపింది.

“పెట్టె ఏది?”

“ఆఫ్రికలనే ఉన్నది.”

“మరిచిపోయినవా?”

“దించేసిండ్రు. దొర ఇమానం గీ టాంగ కన్న జర పెద్దది, గంతే. సింహాలను, ఏనుగులను పైకెళ్లి సూసుకుంట దేశాలు దేశాలు తిరిగినం. ఆఖరు రోజు ఎక్కేముందు మనుషులను సుత కాంటా పెట్టిండ్రు.”

“చెరుకు బండి లెక్కనా?”

“కాంటా అనంగనే నేను సెంబెడు నీళ్లు తాగిన. జేబులల్ల రాళ్లేసుకున్న.”

“ఎందుకు?”

“చక్కెర ఫ్యాక్టరీ కాడ మన చెరుకు తూచేటప్పుడు బండి మీదికెళ్లి నువ్వు దిగుతవా? తూకం ఎక్కువ రావాలెనని గట్టిగ కూసుంటవు. గదే అలవాటు.”

“మరి ఎక్కువొచ్చిందా?”

“మస్తుగొచ్చింది. బరువెక్కువైతే ఇమానం లేవదట. నా పెట్టె దించుమన్నడు దొర.”

“పెట్టెల ఏముండె?”

“నీకు కొన్న పూసల దండలు.”

“జేబుల రాళ్లున్నయని సెప్పకపోతివా?”

“అందరి ముంగట ఇజ్జత్ పోతది గద.”

“ఇగ నా దండలు గాడ ఎవతో ఏసుకొని తిరుగుతుంటది. నాకేం తెచ్చినవు మరి?”

“సెయ్యి సాపు.”

“గివేంది?”

“గా రాళ్లే. ఇమానంల వచ్చినయి, పారెయ్యకు.”