గడప చెక్క పెన్ను

ముత్యాలాచారి ఉన్నాడే, చెక్క ఆయన మాట వినేదంట గానీ ఆయన మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు. ఏటి ఒడ్డున వడ్రంగుల ఊరు. ఇంటింటికీ ఒక లేతు మిషను, పొద్దున్నే మొదలెడితే ఊరంతా తుమ్మెదలు ముసిరినట్టు రొద. అందరూ బొమ్మలూ కుంకుమ భరిణెలూ చేస్తుంటే ఈయన పెన్నులు చేసేవాడు. మామూలు పెన్నులు కావు. ఎలా చేసేవాడో చెప్తాను, ఇది తెలియకపోతే తర్వాత కథ తెలియదు, కాబట్టి ఆ వక్కలు కొరకడం కాస్త ఆపి వినండి. పసుప్పచ్చటి పనస చెక్క ఒకటి, నల్లటి మద్ది చెక్క ఒకటి తీసుకుంటాడు అనుకో. రెండింటినీ ఏటవాలుగా చిన్న చిన్న ముక్కలు కోస్తాడు. ఒక పసుపు, ఒక నలుపు, ఒక పసుపు, ఒక నలుపు, ఇలా వరసగా జిగురు పెట్టి అతికి, బిగించి ఆరబెడతాడు. ఆరాక చూస్తే అదొక అతుకుల పుల్ల, పొయ్యిలో పెట్టుకోబుద్ధేస్తుంది. దాన్ని మిషనుకెక్కించి, అది గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించాడా, పైదంతా పొట్టులా రాలిపోయి లోపల్నించి జడ అల్లినట్టు గీతలు తేలతాయి. రంగు వేసిందేమీ లేదు, అంతా ముక్కల పొందికే. అతుకు నిలిస్తేనే పెన్ను. అతుకు వదిలిందంటే ఆ వేగానికి ముక్కలు తలో దిక్కుకీ పోతాయి. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో అడుగుతాను.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేదంట. ఆడపిల్లకి లగ్నపత్రిక రాయాలంటే పెళ్ళికూతురింటి గడప నుంచి ఒక చీలిక, పెళ్ళికొడుకింటి గడప నుంచి ఒక చీలిక తీసి, రెండూ కలిపి పిల్ల తండ్రి పెన్ను చెయ్యాలి. ఆఖరి ఉలి మటుకు రెండు వైపుల వాళ్ళ ముందూ పట్టాలి. ఆ పెన్నుతోనే పంతులుగారు రాయాలి. సరే, ఆచారి కూతురు కాంతానికి పక్కూరి పార్వతీశంతో కుదిరింది. కుదిరిందంటే, వాళ్ళిద్దరూ ముందే కుదుర్చుకున్నారు, పెద్దవాళ్ళకి తర్వాత తెలిసింది. పిల్లాడి తల్లి భ్రమరాంబకి అన్న కూతుర్ని తెచ్చుకోవాలని ఉండేది. కొడుకు అన్నం మానేస్తే ఏం చేస్తుంది, ఊఁ అంది. అంది గానీ వంక దొరికితే మాత్రం వదలదు, ఆ సంగతి అందరికంటే బాగా కాంతానికే తెలుసు. అందుకని నాన్నా, ఈ ఒక్క పెన్నూ జాగ్రత్తగా చెయ్యి నాన్నా అని రోజూ చెప్పేదంట. మిగతావి అజాగ్రత్తగా చేశానా అని ఆయన అలిగేవాడంట.

ఏమైందంటే, భ్రమరాంబ వాళ్ళ పనస గడప చీలికని పట్టుగుడ్డలో చుట్టి పంపింది. ఆచారి భార్య నూకరత్నం విప్పి చూసింది. వేలితో రాస్తే జిడ్డు, ముక్కు దగ్గర పెట్టుకుంటే పసుపూ నువ్వులనూనే. ఏమయ్యా, ఇది నూనె తాగిన చెక్క, కుంకుడు రసంతో కడిగి ఎండబెట్టి అప్పుడు అతుకు అందంట. చిత్రిక పడితే పైజిడ్డు పోతుంది అన్నాడు. పైది పోతుందయ్యా, లోపలికి దిగిందో అంది. దిగదు అన్నాడు. ఆవకాయ జాడీకి కాగితం అతికిస్తే నిలుస్తుందా అంది. మధ్యలో ఆవకాయెందుకు తెచ్చావు అన్నాడు. ముగ్గులు పెట్టే చేతికి జిగురు సంగతి ఏం తెలుసు అని కూడా అన్నాడంట. చూశారా, ఇదీ వరస. ఇలాంటి మనిషికి ఎంతని చెప్తాం? నీ ఇష్టమయ్యా అని ఆవిడ పప్పు రుబ్బుకోడానికి పోయింది.

లగ్నపత్రిక రోజు వచ్చింది. వియ్యాలవారు చాపల మీద కూర్చున్నారు, కాఫీలయ్యాయి, పంతులుగారు రాగిచెంబు పక్కన పెట్టుకుని కాగితానికి పసుపు రాసుకుంటున్నారు. ఆచారి మిషను వేశాడు. పొట్టు లేస్తోంది, పసుపూ నలుపూ జడ తేలుతోంది, అందరూ మెడలు చాచి చూస్తున్నారు. ఫట్‌మంది. ఒక ముక్క చూరులోకి పోయింది, ఒక ముక్క పంతులుగారి చెంబుకి ఠంగున తగిలింది, మిగతావి వాకిలంతా చెల్లాచెదురు. భ్రమరాంబ లేచి కొంగు దులుపుకుంది.

“మా గడప మీ గడపతో కలవనంటోంది. చెక్కకున్న బుద్ధి మాకు లేకపోయింది. పదండి పోదాం.”

పోనీ ఈయన ఊరుకున్నాడా? కరెంటు ఎక్కువొచ్చిందన్నాడు. చెమ్మగాలి అన్నాడు. కొత్త జిగురు డబ్బా అన్నాడు. కడగలేదు అనే ఒక్క మాట తప్ప అన్నీ అన్నాడు. కాంతం ఏడవలేదంట. కింద కూర్చుని ముక్కలు ఏరడం మొదలెట్టింది. అటునుంచి పార్వతీశం కూడా గొంతుక్కూర్చుని ఏరుతున్నాడు. తల్లి రమ్మంటోంది, వాడు లేవడు.

నూకరత్నం వాళ్ళ చేతుల్లోంచి ముక్కలు తీసుకుని చూసింది. తమ గడప మద్ది ముక్కలకి జిగురంతా అలాగే ఉంది. పనస ముక్కలు నున్నగా, నూనె రాసిన బోడిగుండులా ఉన్నాయి. ఇప్పుడు మీరే ఆలోచించండి. మీ చెక్కకి జిడ్డండీ అంటే వియ్యపురాలికి తలవంపు. మా ఆయన కడగలేదు అంటే ఊరి ముందు మొగుడి పనితనం పోతుంది. నేను ముందే చెప్పాను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చిందంట ఆవిడకి. ఆడదానికి అంతకంటే తియ్యటి మాట ఇంకోటుందా? దాన్ని మింగేసింది.

“వదినగారూ, తప్పు మా గడపది. చూడండి, జిగురంతా మా ముక్కే పీల్చుకుంది. పీల్చుకోదూ మరి? పండక్కో పబ్బానికో తప్ప నేను దాని మొహం చూడను. మీరు ఏ శుక్రవారమూ వదలరు. మీ గడప పసుపూ నూనే తాగి తాగి నిండుగా ఉంది. నిండిన కడుపుకి జిగురేం రుచిస్తుంది చెప్పండి?”

వాకిట్లో ఆడవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. ఏటమ్మా, గడపకి పసుపు రాయదంటమ్మా అని గుసగుసలు. నిజానికి రాసేది పాపం, మనందరిలాగే పొద్దుటి హడావిడిలో నాలుగు వేళ్ళు ఇలా లాగేసి పోయేది. నూనె మాత్రం కూరకి దాచుకునేది. కాబట్టి అది సగం నిజమే అనుకో.

భ్రమరాంబ గుమ్మం దాకా పోయింది కాస్తా ఆగింది. ఇంకా అపశకునమంటే ఇన్నేళ్ళూ తను చేసిన శుక్రవారాలన్నీ దండగన్నట్టే. కాదంటే కూర్చోవాలి. మెల్లిగా వచ్చి కూర్చుంది. అయితే నేను ఎక్కువ రాశానంటారా అంది, కోపంగా కాదు, కొంచెం గొప్పగానే. ఎక్కువేంటి వదినా, మీ చేతి చలవ అంది నూకరత్నం. అప్పుడు భ్రమరాంబ కుంకుడుకాయలున్నాయా అని అడిగి, మిగిలిన చీలిక తెప్పించుకుని, తన చేత్తోనే నురగొచ్చేలా రుద్దిందంట. అప్పుడన్నాడు ముత్యాలాచారి, నేనూ అదే అనుకున్నాను, కడిగి అతకాలని. నూకరత్నం ఆయన వంక చూసింది.

చెక్క ఎండాలి, జిగురు ఆరాలి. పంతులుగారు ఆదివారం బాగుందన్నారు. అప్పటిదాకా వియ్యాలవారంతా అక్కడే. మొగుడు చెక్క కడగనందుకు ఆవిడ అంతమందికీ వండి వార్చింది. ఆదివారం పెన్ను తిరిగింది, నిలిచింది, రాసింది. పెళ్ళయింది.

ఇప్పుడు కాంతం అత్తారింట్లో గడపకి పసుపు రాస్తుంటే లోపల్నించి భ్రమరాంబ కేకేస్తుందంట, ఆ మూల కాస్త వదిలెయ్యవే, రేపు మీ పిల్లల పెళ్ళికి ముక్క కావద్దూ అని. ఇక్కడ ముత్యాలాచారేమో పని నేర్చుకోడానికి వచ్చినవాళ్ళందరికీ, నూనె చెక్కని కడక్కుండా అతక్కండి, ఇది నా అనుభవం అని చెప్తాడంట. వంటింట్లో గిన్నె ఒకటి గట్టిగా చప్పుడవుతుంది.

సరే, ముందే అన్నాను కదా అడుగుతానని. అతుకు ఎందుకు వదిలింది? ఏంటీ, కరెంటు ఎక్కువొచ్చా? ఇంతసేపూ చెప్తే కరెంటా? పోనీలే నాయనా, నువ్వూ ముత్యాలాచారి చుట్టానివే కాబోలు. లేచి ఆ దీపం కిందకి వచ్చి కూర్చో, మళ్ళీ మొదట్నించీ చెప్తాను.