డాక్టర్ దెసాంక గారు నిలబెట్టిన రెండు పళ్ళు

1988 మార్చి ఒకటవ తేదీన తిమోక్ లోయలోని మన ఆరోగ్య కేంద్రపు దంత విభాగంలో డాక్టర్ దెసాంక పెయిచిచ్ గారు విధులలో చేరారు. ముప్ఫై ఏడేళ్ళ ఆ అవిచ్ఛిన్న సేవకు ఈ నెలాఖరున విరామం కలుగుతున్నది. ఇరవై తొమ్మిదేళ్ళు వారి పక్కన నర్సుగా నిలబడిన నాకు, విదొసావకు, ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం దక్కినందుకు గర్విస్తున్నాను. అతిశయోక్తి అని ఎవరైనా అనుకుంటే అనుకోండి, నాకేం!

వారు వచ్చిన రోజుల్లో మన లోయలో పంటికి పెద్ద వైద్యుడు ఇంట్లో కాచిన రాకియా సారాయే. చిగురు వాస్తే ఒక గుక్క పుక్కిట పట్టడం, పొక్కు లేస్తే అదే సారాలో ముంచిన సూదితో గుచ్చడం, చీము కారి నొప్పి తగ్గగానే మిగిలినది తాగి సంబరపడడం. చచ్చిన పంటి వేరు దగ్గర నీటితిత్తి చడీచప్పుడు లేకుండా ఎముకను తినేస్తూ పెరుగుతుందంటే వినేదెవరు? ఉద్యోగంలో చేరిన రెండో ఏట, నొప్పి పోయిందన్న ఒక ద్రాక్షతోట రైతు మాట నమ్మి ఎక్స్‌రే తీయకుండా పంపేశారు దెసాంక గారు. మూడేళ్ళ తర్వాత ఆయనకు నాలుగు పళ్ళు తీయవలసి వచ్చింది. ఈ పొరపాటును కొత్తగా వచ్చే ప్రతి వైద్యుడికీ వారే స్వయంగా చెబుతారు.

అది మొదలు వారి పద్ధతి మారింది. తొంభైలలో ఎక్స్‌రే ఫిల్ములకు కటకటగా ఉన్నప్పుడు, ఉన్న కొద్దిపాటి ఫిల్ములను బాధతో మూలిగేవారికంటే ముందు "తగ్గిపోయింది" అన్నవారికే వాడి, నానా మాటలూ పడ్డారు. బడి బడికీ తిరిగి, పుచ్చు పంటి లోపలి నరానికి చేరకముందే పిల్లల పళ్ళు పూడ్చారు. దెబ్బ తగిలి రంగు మారిన పన్ను కనబడితే వదిలిపెట్టేవారు కాదు. చికిత్స పొందినవారిని ఆరు నెలలకు, ఏడాదికి మళ్ళీ పిలిపించి ఎముక నిండిందో లేదో చూశారు. రాకపోతే ఇంటికే వెళ్ళారు.

2006 సెప్టెంబరులో జరిగిన ఒక సంగతి ఇప్పుడు చెప్పాలి. నా భర్త మియోద్రాగ్ పెళ్ళిళ్ళలో బాకా మేళం నడుపుతారు. మా అన్నగారి అమ్మాయి పెళ్ళిలో అందరూ చేతులు పట్టుకుని వలయంగా ఆడే కోలో నృత్యం మంచి ఊపులో ఉండగా, అతిథిగా వచ్చిన దెసాంక గారు ఆడేవాళ్ళ మధ్య నుంచి నేరుగా నడిచి వెళ్ళి మా ఆయన ముందు నిలబడ్డారు.

"ఆపండి మేళం!"

పెళ్ళికొడుకు తండ్రి మండిపడ్డారు. "ఏంటి డాక్టరమ్మా, తాగింది మేమా, మీరా?"

"పై స్వరం పట్టినప్పుడల్లా ఇతను బాకాని పక్కకి జరుపుతున్నాడు. ఏదీ, నోరు తెరువు మియోద్రాగ్."

"అబ్బే, ఏం లేదు డాక్టరమ్మా. చిన్న పొక్కు. గుచ్చేస్తే తగ్గిపోయింది."

"తగ్గింది నొప్పి. గుచ్చిందెవరు?"

"నేనే," అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండా.

అబద్ధం. గుచ్చింది నేను. పదేళ్ళుగా దంత విభాగంలో పనిచేస్తున్న నర్సును, మా అమ్మ చేసినట్టే వంటింట్లో కూర్చోబెట్టి, కుట్టుసూదితో మూడుసార్లు గుచ్చాను. డాక్టరుగారికి చూపిస్తే బాకా ఊదవద్దంటారని, పెళ్ళిళ్ళ కాలమంతా పోతుందని భయపడ్డాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను ఇది రాస్తుంటే.

సోమవారం తీసిన ఎక్స్‌రేలో పై వరుస ముందు పళ్ళు రెండింటి వేళ్ళ దగ్గర ఎముకలో హేజెల్ గింజంత, అంటే చిన్న రేగుపండంత గుల్ల కనిపించింది. నగరంలోని నిపుణుడు రెండూ పీకేయమన్నారు. ఆ రెండూ పోతే పెదవికి ఆనిక లేదు, బాకా లేదు. బాకా లేని మియోద్రాగ్‌ను నేను ఊహించుకోలేకపోయాను.

"పీకడానికేముంది, ఎప్పుడైనా పీకొచ్చు," అన్నారు దెసాంక గారు. వేళ్ళ లోపల శుభ్రం చేసి మూశారు. చిగురు తెరిచి, తిత్తిని తునక మిగలకుండా తీసి, వేరు కొసలు కత్తిరించి, తీసిన తిత్తిని పరీక్షకు పంపారు. పక్కన పరికరాలు అందిస్తున్న నా చెయ్యి వణికిపోతోంది. ముఖానికున్న గుడ్డ చాటు నుంచి, నాకు మాత్రమే వినబడేలా అన్నారు:

"వణక్కు విదా. సూది పట్టినప్పుడు వణకలేదు కదా."

అంతే. కుట్లు వేయడంలో మునిగిపోయారు. నాలుగు నెలలు బాకా ముట్టనివ్వలేదు. పరీక్షలో భయపడవలసిందేమీ లేదని తేలింది, రెండేళ్ళకు ఎముక పూర్తిగా నిండింది. మియోద్రాగ్ నేటికీ ఆ సొంత పళ్ళతోనే ఊదుతున్నారు.

నేను చేసిన పని ఆరోగ్య కేంద్రంలో తెలిసి ఉంటే నా ఉద్యోగం, నా పరువు ఏమయ్యేవో చెప్పనక్కరలేదు. పందొమ్మిదేళ్ళలో వారు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, నాతో కూడా. మీరు దాచిన నా తప్పును ఈ రోజు నేనే అచ్చువేయిస్తున్నాను దెసాంక గారూ. ఇది చదివి ఈ లోయలో ఒక్కరు సూది కింద పెట్టినా చాలు.

ఆనాడు తిట్టకుండా వదిలేసిన తిట్లన్నీ నన్ను తీరిగ్గా కూర్చుని తిట్టడానికైనా, మీరు మరో ముప్ఫై ఐదేళ్ళు నిండైన ఆరోగ్యంతో మా మధ్య ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.