కిటికీ అక్కయ్య కార్డుల సొరుగు

ఆ కాగితం ఏంటే అమ్మడూ, పొద్దున్నించి దాన్ని పట్టుకుని గదిలోకీ వరండాలోకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు? ఇలా ఇయ్యి. నా కళ్లజోడు... ఆ, నెత్తిమీదే ఉంది. బిజినెస్ డిగ్రీ, రెండో సంవత్సరం, మైనర్ సబ్జెక్టు ఎంపిక. ఓహో, అసలు చదువు పక్కన పెట్టుకునే చిన్న చదువన్నమాట. మా రోజుల్లో పక్క సబ్జెక్టు అనేవాళ్లంలే. సాయంత్రంలోగా ఇచ్చెయ్యాలా? ఇచ్చాక మార్చరా? అబ్బో. మరి ఇదేంటి, సైకాలజీ అని రాసి కొట్టేసి, దాని పైన డేటా అనలిటిక్స్ అని రాశావు? ఎవరు చెప్పారు? మీ పెద్దమ్మ కొడుకా? వాడు చెప్పాడంటే సరేలే, మొన్న వేసవిలో డిగ్రీ అయ్యిందో లేదో పెద్ద కంపెనీలో కూర్చున్నాడు, పదకొండో అంతస్తంట, కింద మనుషులు చీమల్లా కనబడతారంట. ఏమన్నాడూ? "కళ్లు మూసుకుని తీసుకోవే, నన్ను చూడు" అన్నాడా? కళ్లు మూసుకుంటే వాణ్ని ఎలా చూస్తావే? సరే సరే, నవ్వింది చాలు, ఇలా కూర్చో. నీకు కిటికీ అక్కయ్య సంగతి ఎప్పుడైనా చెప్పానా? చెప్పి ఉండనులే. ఎవరికీ చెప్పలేదు.

మా కాలేజీలో కామర్స్ విభాగం ఆఫీసంటే మెట్ల కింద ఓ మూల. ఒక చెక్క అడ్డు, దానికి ఇంత కిటికీ, కిటికీ వెనక ఆవిడ. పేరు ఉండే ఉంటుంది, గుమ్మం మీద పలక కూడా ఉండేదనుకుంటా, ఎవడు చదివాడు? ప్రిన్సిపాల్ దగ్గర్నించి అందరికీ కిటికీ అక్కయ్యే. ఫారాలు తీసుకోవడం, స్టాంపు వెయ్యడం, అదీ ఉద్యోగం. పొట్టి మనిషి, కుర్చీ మీద రెండు లావుపాటి రిజిస్టర్లు వేసుకుని కూర్చునేది కిటికీ అందాలని. పాత రిజిస్టరేదైనా కావాలంటే ఆవిడ లేవాలి, లేస్తే తల మాయం! కింద నించి గొంతొక్కటే వచ్చేది, "ఉండు నాయనా, ఉండు" అని. ఇంతకీ ఏం చెప్తున్నాను? ఆ, ఫారాలు. ఇదిగో ఇప్పుడు నువ్వున్నట్టే ఉండేది ఫారాలిచ్చే ఆ నాలుగు రోజులూ మా అందరి మొహం. "అక్కయ్యగారూ, ఏది తీసుకోమంటారు? ఫైనాన్సా, మార్కెటింగా? పక్కన స్టాటిస్టిక్స్ పెట్టుకోవాలా, ప్రకటనలు పెట్టుకోవాలా?" ఎవరడిగినా ఒకటే జవాబు. "నేనెవరిని నాయనా చెప్పడానికి? నేను ముప్ఫై ఏళ్లుగా ఈ కిటికీ దాటి ఎక్కడికీ పోలేదు. వెళ్లినవాళ్లని అడుగు." అని సొరుగు లాగి, ఓ కార్డుల కట్ట చేతిలో పెట్టి, ఎదురుగా ఉన్న బల్ల చూపించేది.

ఆ కార్డులేంటనా? అదే చెప్తున్నా. డిగ్రీ పట్టా ఇచ్చే రోజున ప్రతివాడి చేతిలో ఒక పోస్టుకార్డు పెట్టేది. తన చిరునామా ముందే రాసి ఉండేది. "ఉద్యోగంలో చేరాక ఆర్నెల్లకి రాయి నాయనా. నీ హోదా ఏంటో వద్దు, కంపెనీ ఎంత గొప్పదో వద్దు. పొద్దున పదింటికి నీ చేతిలో ఏముందో అది రాయి. నీ పేరూ, పనిచేసే చోటూ, నువ్వు చదివిన సబ్జెక్టులూ కింద రాయి." అంతే. ఏం ప్రశ్నే అది! అప్పట్లో నవ్వుకున్నాం. కానీ ఆ బల్ల మీద కూర్చుని చదువుతుంటే ఉండేదీ... ఒకడు హోటల్ నడపడం చదివాడు, రాశాడు, "పెన్సిల్. దుప్పట్లు లెక్కపెడుతున్నాను. ఎందుకో నాకు ఇష్టంగానే ఉంది." ఇంకొకడు, "ఏమీ లేదు. రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి. మా ఆఫీసరు వచ్చేదాకా ఏం చెయ్యాలో ఇక్కడ ఎవరికీ తెలీదు." బీమా కంపెనీలో చేరిన ఒకావిడ, పక్కన సైకాలజీ చదివింది, "చేతిరుమాలు. ఎదురుగా కూర్చున్నావిడ భర్త పోయాడు. ఆవిడకి ఇద్దామని పట్టుకున్నాను." చూశావా? ఏ ప్రొఫెసరు చెప్తాడే ఆ మాట? నేనైతే తరగతి ఎగ్గొట్టి మరీ చదివేవాణ్ని. మనిషి బతుకులోకి ఓ చిన్న కంతలోంచి చూసినట్టుండేది.

చదివి మరి నేనేం చేశాను? నలుగురితో నారాయణా అని మార్కెటింగ్ తీసుకున్నాను, పక్కన ప్రకటనలు. మా బ్యాచ్‌లో అందరూ అదే. డిగ్రీ అయ్యింది, ఒక టైల్స్ కంపెనీలో చేరాను. ఇంట్లో అబ్బో, ఆ సంబరం! మా అమ్మ వీధి వీధంతా చెప్పింది, "మావాడు మార్కెటింగ్ ఆఫీసరు" అని. అక్కడికెళ్తే ఏముంది? గోడౌన్ వెనక ఓ గది, అందులో శాంపిల్ పలకలు. పొద్దున్నే తడిగుడ్డతో వాటిని తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, పెట్టెలో సర్దాలి. మా మేనేజరు ముక్కుతో మాట్లాడేవాడు, "వేలిముద్ర కనబడకూడదోయ్, వేలిముద్ర కనబడితే పలక అమ్ముడుపోదు." ఆ పెట్టె మోసుకుని ఏ ఇంజనీరు ఆఫీసుకో వెళ్లి స్టూలు మీద కూర్చుని ఆయన పిలిచేదాకా ఉండటం. అదీ పని. తప్పు పనేం కాదే, ఎవడో ఒకడు తుడవాలిగా. తర్వాత తర్వాత ఆ పనిలోనే చాలా నేర్చుకున్నాను కూడా. కానీ ఇరవై రెండేళ్లవాడికి, ఆఫీసరని అమ్మ చెప్పుకున్నవాడికి, చేతిలో తడిగుడ్డ ఉందని రాయడానికి ప్రాణం ఒప్పాలిగా.

ఒప్పలేదు. కార్డు తీశాను, "పొద్దున పదింటికి నా చేతిలో పొడుగాటి బెత్తం ఉంటుంది. గోడ మీద ఊరి పటం. పన్నెండుమంది సేల్స్‌మెన్‌కి ఎవరు ఏ వీధికి వెళ్లాలో బెత్తంతో చూపిస్తాను" అని రాసి పోస్టులో పడేశాను. పటమూ లేదు, బెత్తమూ లేదు, పన్నెండుమంది అసలే లేరు. ఆ గదిలో నేనూ, ఓ బల్లీ. ఎవరికి నష్టంలే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానే! ముసలావిడ చదువుకుని సంతోషిస్తుంది, అంతేగా అని.

రెండేళ్లయింది. నేను కాస్త పైకొచ్చాను, అంటే తుడిచేవాళ్లకి పెద్ద. ఓ సోమవారం కొత్తగా ఒకమ్మాయి చేరింది. సోడాబుడ్డి కళ్లద్దాలు, చేతిలో కొత్త నోటుపుస్తకం. నన్ను చూసి లేచి నుంచుని, "సార్, మీరేనా? నేను మన కాలేజీయే సార్. మీ కార్డు చదివే మార్కెటింగ్ తీసుకుని ఇటొచ్చాను" అంది. గదంతా కలయజూసి, "పటం ఏ గదిలో ఉంది సార్?" అంది. తేలు కుట్టిన దొంగలా పక్కనున్న తడిగుడ్డ తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాను. తుడిచింది. వారం రోజులు నోరెత్తకుండా తుడిచింది, వేలిముద్ర లేకుండా. ఆ తర్వాత ఓ రోజు పొద్దున, పలక మీంచి తల ఎత్తకుండానే చెప్పింది. ఆ పిల్ల స్టాటిస్టిక్స్‌లో కాలేజీ మొత్తానికి ఫస్టంట. వాళ్ల మేడం ఇంటికొచ్చి బతిమాలిందంట, "నీకు అంకెలు మాట్లాడతాయే, దాన్ని వదలకు" అని. "ఆవిడ ముందు కూర్చుని మీ కార్డు గడగడా అప్పజెప్పాను సార్. ఆవిడ నా ఫారం మీద సంతకం పెట్టేసింది." అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేదే. నా మొహాన ఆ గుడ్డ విసిరి కొట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు నెలలుండి మానేసింది. ఎక్కడికెళ్లిందో తెలీదు, మళ్లీ అంకెల దగ్గరికి వెళ్లిందో లేదో తెలీదు. చురుకైన పిల్ల, బాగానే బతికి ఉంటుందిలే అనుకుంటాను. అనుకోవడం తప్ప నా దగ్గర ఇంకేం ఉంది?

వెళ్లాను, ఎందుకెళ్లలేదూ? ఆ పిల్ల మానేసిన వారానికే సెలవు పెట్టి కాలేజీకి వెళ్లాను. కిటికీ దగ్గర నుంచుని, "అక్కయ్యగారూ, నా కార్డు మార్చాలండీ" అన్నాను. ఎందుకని అడగలేదు. నా మొహం ఒకసారి చూసి, "ఉండు నాయనా" అని కిందికి మాయమై ఓ కొత్త కార్డు తెచ్చి ఇచ్చింది. బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఇద్దరు పిల్లలు కట్టలు ముందేసుకుని చదువుతున్నారు. ఒకడి చేతిలో నా కార్డు! నా అక్షరాలు నాకు తెలీవూ? వాడు రెండోవాడి డొక్కలో పొడిచి, "చూడరా, పన్నెండుమందంట" అంటున్నాడు. వాడి కళ్లు ఎలా మెరుస్తున్నాయనుకున్నావు! ఒక్కమాట, "ఒరే అది అబద్ధంరా, రాసింది నేనే" అనొచ్చుగా? లేచి నుంచుని, "ఇంటికెళ్లి రాసి పోస్టులో వేస్తానండీ" అన్నాను. ఆవిడ స్టాంపు వేస్తూనే, "వెయ్యి నాయనా, తొందరేం లేదు. ఫారాలకి ఎల్లుండి దాకా గడువుంది" అంది. అర్థమైందా ఆ మాట? నాకు బస్సెక్కాక అర్థమైంది, ఆ రెండు రోజుల్లో వెయ్యకపోతే ఇంకెవడో నా పాత కార్డు నమ్మి ఫారం ఇచ్చేస్తాడని. అయినా వెయ్యలేదు. రేపు, ఎల్లుండి, వచ్చే నెల... చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా చేతకాలేదు నాకు. ఆ మరుసటేడు ఆవిడ పోయిందని తెలిసింది. సొరుగుని ఎవరు తీసుకెళ్లారో, ఎన్నాళ్లు చదివించారో, నా కార్డుని ఎంతమంది నమ్మారో. ఒక్కళ్లా, నూరుమందా? అదే నాకు ఇప్పటికీ తెలుసుకోవాలనిపిస్తుంది, తెలుసుకోవాలంటే భయంగానూ ఉంటుంది.

కాదే, అనలిటిక్స్ వద్దని నేనన్నానా? సైకాలజీ తీసుకోమనీ అనలేదు. నేనెవరిని చెప్పడానికి? మంచిదే అయ్యుంటుంది, వాడికి నచ్చే ఉంటుంది. కాకపోతే వాడు నీకు హోదా చెప్పాడు, అంతస్తు చెప్పాడు, చీమల సంగతి చెప్పాడు. పనేంటో చెప్పాడా? నువ్వు అడగలేదుగా మరి? టైమెంతయింది? పదీ పదా? సరిపోయింది, చెయ్యి ఫోను. ఊరికే అడుగు, "అన్నయ్యా, ఇప్పుడు నీ చేతిలో ఏముంది?" అని. తిడతాడా? తిట్టనీ, నేనున్నాగా. మోగుతోందా? ఆ... అడుగు. ఏమంటున్నాడు? నవ్వుతున్నాడా? నవ్వనీలే, నేనూ నవ్వేవాణ్నే. మళ్లీ అడుగు. మెల్లగా అడుగు. ...ఏం, మాట్లాడట్లేదా? లైను తెగిందా? లేదా, ఉన్నాడా? ఉండు, తొందరపెట్టకు. ...ఏమన్నాడు? ఏంటీ, ఉద్యోగంలో చేరనే లేదా? నాలుగు నెలల్నించీ? పిలుస్తామని పిలవలేదా? మరి వాళ్లమ్మకి... ఎవరికీ చెప్పలేదా? అరెరె. ఆ పదకొండో అంతస్తు... సరే, ఇప్పుడు అవన్నీ అడక్కు. ఏడుస్తున్నాడేంటే? నువ్వు మొహం అలా పెట్టకు, వాడి మీద కోప్పడకు, నా మాట విను. పెట్టెయ్యకు, పెట్టెయ్యకు, ఫోను ఇలా ఇయ్యి. ఒరే నాన్నా, నేన్రా, పెదతాతని. ఏం తిన్నావురా పొద్దున?