పేరు పిలవని ఏడాది తర్వాత

సభకు పెద్దదిక్కుగా కూర్చున్న శారదాదేవి గారికీ, భాష తెలియకపోయినా ముందు వరసలో బుద్ధిగా కూర్చున్న కోచ్ లిండ్నర్ గారికీ, పెద్దలకూ, వంటల వాసన వస్తున్నా కదలని మిత్రులకూ నమస్కారం. గీతికా, నువ్వు లిండ్నర్ గారి పక్కన కూర్చుని నా మాటలు జర్మన్‌లో చెబుతూ ఉండమ్మా. ఆయన్ని తిట్టే చోట మాత్రం కాస్త దగ్గు, చాలు. (నవ్వులు)

నా పేరు ఛాయాదేవి. మాది రాజమండ్రి. డ్రెస్డెన్ వచ్చి పదహారేళ్ళయింది. ఈ రోజు మనం శాలువా కప్పుతున్న భాస్కరరావు గారు చిప్పుల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షల విభాగం నుంచి మొన్న శుక్రవారం రిటైరయ్యారు. ఆ ఉద్యోగం గురించి ఇందాక రవి కుమార్ గారు అరగంట చెప్పారు, నాకు సగం అర్థం కాలేదు. నేను ఆయన రెండో ఉద్యోగం గురించి, జీతం లేని ఉద్యోగం గురించి చెబుతాను. పద్నాలుగేళ్ళుగా మన ఊరి ఐస్ హాకీ క్లబ్బులో కుర్రాళ్ళ ఆట చూసి, ఎవరిలో ఎంత సత్తా ఉందో రాసిచ్చేది ఈయనే. ఈ వారంతో అదీ మానేస్తున్నారు.

ఆయన పిల్లలెవరూ హాకీ ఆడలేదు. ఎప్పుడో ఫ్యాక్టరీవాళ్ళు టికెట్లు పంచితే చలిని తిట్టుకుంటూ వెళ్ళి, ఆట అయ్యాక కోచ్ దగ్గరికి నడిచి, 'మీ పదకొండో నంబరు అబ్బాయికి ఎడమ మోకాలు నొప్పిగా ఉంది, దాస్తున్నాడు' అన్నారట. నిజమేనని తేలింది. అవునా లిండ్నర్ గారూ? చూడండి, తల ఊపుతున్నారు. గీతిక గొప్పగా చెబుతోంది.

అప్పటినుంచి గోలు వెనక మూల బెంచీ ఆయనది. మంకీ క్యాపు, ఒళ్ళో నోటుపుస్తకం, పక్కన ఫ్లాస్కులో మంగతాయారు వదిన కాచిన మిరియాల చారు. జనమంతా లేచి అరుస్తుంటే ఈయన ఒక్కరే కూర్చుని ఉంటారు. 'గోలెవరు కొట్టారన్నయ్యా?' అని అడిగితే, 'తెలీదమ్మా, నేను పదిహేడో నంబరును చూస్తున్నాను' అంటారు. 'పదిహేడో నంబరు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు కదండీ!' అంటే, 'అందుకే చూస్తున్నాను' అంటారు. (నవ్వులు) నవ్వుతారేం, నిజం! ఆడేటప్పుడు అందరూ చూస్తారట, ఆడనివ్వనప్పుడు ఎలా కూర్చున్నాడో ఎవరూ చూడరట.

ఇక అసలు సంగతికి వస్తాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఏటా జూన్‌లో అమెరికా, కెనడా జట్లవాళ్ళు ఒకచోట చేరి, ప్రపంచం మొత్తం మీద పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళలో తమకు కావలసినవాళ్ళను ఒక్కొక్క పేరే పిలిచి ఎంచుకుంటారు. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. పేరు రాని కుర్రాణ్ణి మరుసటి ఏడాది పెద్దగా ఎవరూ పట్టించుకోరు. భాస్కరరావు గారు సరిగ్గా అక్కడే మొదలుపెడతారు. డ్రాఫ్ట్ ఏడాదిలో ప్రతివాడూ చూపించడానికి ఆడతాడు, ఆ తర్వాతి ఏడాది ఎలా ఆడతాడో అదే వాడి విలువ, అంటారు. ఫ్యాక్టరీలో చిప్పుల్ని రోజుల తరబడి వేడిలో పెట్టి, తట్టుకున్నవాటినే బయటికి పంపేవారట, ఆ బుద్ధి ఇక్కడా పోలేదు మహానుభావుడికి.

మా అబ్బాయి ధీరజ్ పద్దెనిమిదేళ్ళ ఏడాదిలో కుర్రాళ్ళ లీగులో ముప్పై ఒక్క గోల్స్ కొట్టాడు. ఇంకేం, డ్రాఫ్ట్ రెండో రోజు సాయంత్రం పన్నెండు కుటుంబాల్ని పిలిచాను, పులిహోర కలిపాను, మీలో చాలామంది తిన్నారు కూడా. రెండు వందల పైచిలుకు పేర్లు చదివారు. మావాడి పేరు లేదు. మావారు రవీంద్రనాథ్ గారిది వరంగల్, ఆయన టీవీ కట్టేసి ఏమన్నారో తెలుసా? 'ర్యాంకు రాలె. అయితే ఏమైతది? లాంగ్ టర్మ్ పెడదాం' అన్నారు. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. మీ ఇళ్ళలో ఎంసెట్‌కి లాంగ్ టర్మ్ చదవనివాళ్ళుంటే చేతులెత్తండి చూద్దాం!

నేనూ సరేనన్నాను. పొద్దున్నే ఒక కోచింగ్, క్లబ్బు ప్రాక్టీసు అయ్యాక మరొకటి, ఆదివారం ఇంకొకటి. అన్నం ముందు కూర్చుంటే గోల్స్, కారెక్కితే గోల్స్. ఆ ఏడాది క్లబ్బువాళ్ళు వాణ్ణి పెద్దవాళ్ళ జట్టులోకి మార్చారు. గోల్స్ ముప్పై ఒకటి కాస్తా నాలుగయ్యాయి. పిల్లాడు పాడైపోయాడని నేను గుండెలు బాదుకున్నాను.

మార్చిలో ధీరజ్‌తో ఒప్పందం పొడిగించాలా, వద్దా అని తేల్చుకోవలసి వచ్చి, లిండ్నర్ గారు భాస్కరరావు గారిని రిపోర్టు అడిగారు. దగ్గమ్మా గీతికా. (నవ్వులు) టెర్మిన్, అదే ముందు చెప్పి తీసుకునే అపాయింట్‌మెంట్, లేనిదే ఎవరింటి గుమ్మం ఎక్కని ఈ దేశంలో, టెర్మిన్ లేకుండా డబ్బా నిండా కజ్జికాయలతో నేను వాళ్ళింటికి వెళ్ళాను. 'అన్నయ్యా, మనవాడే కదా, మంచిగా రాయండి' అన్నాను. ఆయన ఒక కజ్జికాయ తీసి తిని, 'బావున్నాయమ్మా ఛాయా. రిపోర్టులో మాత్రం చూసిందే రాస్తాను' అన్నారు.

ఏం రాశారో చదువుతాను, కాగితం తెచ్చాను. 'ఈ ఏడాది ఇతని విలువ నిరుటికంటే ఎక్కువ. నిరుడు తనకంటే చిన్నవాళ్ళమీద గోల్స్ కొట్టాడు. ఈ ఏడాది ముప్పై ఏళ్ళ మగవాళ్ళ మధ్య నిలబడ్డాడు. పక్ బిళ్ళ చేజారితే వెనక్కి పరిగెత్తే మొదటివాడు ఇతనే. ఒక్క గోలు ఆధిక్యం ఉన్నప్పుడు చివరి రెండు నిమిషాలకు కోచ్ ఇతన్నే పంపుతున్నాడు. కానీ చాలా అలసిపోయాడు. ఇంట్లోవాళ్ళు పెట్టిస్తున్న అదనపు శిక్షణ ఆపితేనే ఉంచుకోండి. ఆపకపోతే ఇతను మిగలడు.'

క్లబ్బు అదే షరతు పెట్టింది. మేం ఆపాం. కానీ నాకు కనబడింది ఆఖరి మూడు వాక్యాలే. మనవాడని వెళితే మనల్నే దోషుల్ని చేశాడని ఒళ్ళు మండిపోయింది. ఆరు నెలలు వాళ్ళ గుమ్మం తొక్కలేదు. ఇండియన్ షాపులో వదిన ఎదురైతే పప్పుల అరల వెనక్కి తప్పుకున్నాను. ఈ హాల్లో కనీసం నలుగురితో, 'మన పిల్లాణ్ణి మనవాడే ముంచాడు' అన్నాను. పూజితా, తల దించుకోకు, నీతోనూ అన్నాను. ఆ మాట తప్పు. అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ జూన్‌లో కూడా మావాడి పేరు ఎవరూ పిలవలేదు. శరదృతువులో ఒక మ్యాచికి ఒంటరిగా వెళ్ళి, ఎక్కడ కూర్చోవాలో తోచక, ఆ మూల బెంచీ దగ్గర నిలబడ్డాను. భాస్కరరావు గారు జరిగి చోటిచ్చి, మూతలో చారు పోశారు. ఒక్క దెప్పిపొడుపు ఉంటేనా! అదే నేనైతే మూడు తరాలు ఎత్తేదాన్ని. 'గోలు వైపు చూడకమ్మా, వాణ్ణొక్కణ్ణే చూడు' అన్నారు. చూశాను. పదేళ్ళుగా మ్యాచీలకు వెళుతున్నదాన్ని, నా కొడుకు ఆడటం అప్పుడే చూశాను.

(కొంచెం నీళ్ళివ్వండి.)

పది రోజుల కిందట ఈ ప్రసంగం కోసం వివరాలు అడుగుదామని మంగతాయారు వదినకు ఫోన్ చేశాను. 'చెప్పొద్దన్నారు గానీ, రిటైరవుతున్నారుగా, ఇంక ఆయన మాట నేనెందుకు వినాలి' అంటూ ఒక సంగతి చెప్పింది. ఆ రిపోర్టుకు నెల ముందు ధీరజ్ వాళ్ళింటికి వెళ్ళి, వంటింట్లో కూర్చుని అడిగాడట. 'మామా, నేను ఆట మానేస్తే అమ్మ నాతో మాట్లాడుతుందా?' అని.

భాస్కరరావు గారు ఈ మాట రిపోర్టులో రాయలేదు. నాకు చెప్పలేదు. నేను ఊరంతా తిరిగి ఆయన్ని ఆడిపోసుకుంటున్నప్పుడు, ఈ ఒక్క మాట చెప్పి నా నోరు మూయించగలిగేవారు. చెప్పలేదు. నా బిడ్డ గుట్టు కాపాడటానికి నా తిట్లు తిన్నారు. అన్నయ్యా, కుర్రాళ్ళ విలువ కట్టడం మీకు తెలుసని లిండ్నర్ గారు అంటారు. మీ విలువ కట్టడం మాత్రం మావల్ల కాదు.

మీకూ, మీ కోపం కూడా లేని మంచితనాన్ని ఇన్నేళ్ళు భరించిన మంగతాయారు వదినకూ, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. గీతికా, ఇక చాలమ్మా, మిగిలింది ఒక్కరికే.

ధీరజ్, ఆ తలుపు దగ్గర నిలబడ్డావు, కనిపిస్తున్నావు. నువ్వు అడగవలసింది నన్ను, మామని అడిగావు. జవాబు నేనే చెప్పాలి. మాట్లాడతాను నాన్నా. రేపే మానేసినా మాట్లాడతాను. ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో నువ్వే చెప్పు, ఏం మాట్లాడుకుందామో. గోల్స్ తప్ప నాకు ఇంకో విషయం ఏదీ తోచడం లేదు, నువ్వే మొదలుపెట్టాలి.

సెలవు.