ఏడో మంచం ఊపిరి

నర్సింగ్ కాలేజీలో గైడ్ మేడమ్ గది. మధ్యాహ్నం మూడు గంటలు. ఎదురు కుర్చీలో పీజీ రెండో ఏడాది అమ్మాయి, బల్ల మీద, రోగుల వివరాలు రాసిన ఆమె పోర్ట్‌ఫోలియో.

“కూర్చోమన్నాను కదా అని వెనక్కి వాలిపోకు. సంతకం ఇంకా పెట్టలేదు నేను.”

“రేపు పదింటికి పరీక్షకులు వస్తున్నారు మేడమ్. గైడ్ సంతకం లేని పోర్ట్‌ఫోలియో ముట్టుకోను కూడా ముట్టుకోరట.”

“తెలుసు. ఆ రూలు పెట్టిన నలుగురిలో నేనూ ఉన్నాను. ఈ ఏడో మంచం పేజీ ఎప్పుడు రాశావు?”

“ఏ పేజీ?”

“అమ్మాయ్, ఇందులో ఏడో మంచాలు ఎన్నున్నాయి?”

“ఒకటే మేడమ్. కడుపు ఆపరేషన్ అయిన దర్జీ తాతగారిది. సోమవారం రాశాను.”

“సోమవారం ఎప్పుడు? ఆయన్ని ఐసీయూకి తీసుకెళ్ళక ముందా, తరవాతా?”

“ముందే. అంటే... అంకెలు ముందు. ఫెయిర్ చేసింది సాయంత్రం.”

“ముందే, అంటే, సాయంత్రం. ఒక్క ప్రశ్నకి మూడు జవాబులు. ఏదో ఒకటి ఎంచుకో.”

“అంకెలు ముందు.”

“ఎనిమిదింటికి ఊపిరి నిమిషానికి ఇరవై రెండు. తొమ్మిదిన్నరకి ఇరవై ఆరు. పదకొండుకి ముప్ఫై. పన్నెండున్నరకి ముప్ఫై నాలుగు. ఒంటిగంటకి మనిషి నీలం తిరిగిపోయాడు. మేస్త్రి మెట్లు కట్టినట్టుంది. రోగం ఇంత పద్ధతిగా ముదరడం నా సర్వీసులో చూడలేదు.”

“ఉన్నదే రాశాను.”

“వార్డు చార్టులో ఏముందో తెలుసా? ఎనిమిదింటికి ఇరవై. పన్నెండుకి ఇరవై.”

“అక్కడ అందరికీ ఇరవయ్యే ఉంటుంది మేడమ్. ఇరవై ఎనిమిది మంచాలు, అందరి ఊపిరీ ఒకటే తాళం. పోయినవాళ్ళకి కూడా ఇరవై వేసేస్తారేమో అనిపిస్తుంది.”

“వెటకారం తగ్గించు.”

“మీకు తెలీనిదా? మీరూ వార్డులో చేసి వచ్చినవాళ్ళే.”

“అడుగుతున్నది నేను. నా ప్రశ్న నాకే తిప్పి కొట్టకు. నీ పోర్ట్‌ఫోలియో అంశం ఏంటి?”

“రోగి పరిస్థితి విషమించకముందు కనిపించే తొలి గుర్తులు.”

“సరిగ్గా ఆ అంశానికి అతికినట్టు సరిపోయే రోగి, సరిగ్గా పరీక్ష వారంలో, సరిగ్గా నీ డ్యూటీలో దొరికాడు. వెతకబోయిన తీగ కాలికి తగిలింది.”

“దొంగ అంకెలు వేశానంటారా?”

“ఒకే పెన్ను, ఒకే తీరు, ఒక్క కొట్టివేత లేదు. వార్డులో నిలబడి రాసిన కాగితానికి ఏదో ఒక మూల అయోడిన్ మరకైనా అంటుతుంది. ఇది పెళ్ళిపత్రికలా ఉంది.”

“ఫెయిర్ చేశానన్నాను కదా.”

“రఫ్ ఏది?”

“ఎందుకు మేడమ్?”

“ఎందుకా?”

“మీ చేతికిస్తే మళ్ళీ నా చేతికి వస్తుందా అని.”

“ఏమన్నావ్?”

“వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టరూ మీరూ ఒకే బ్యాచ్. హాస్టల్లో ఒకే గది. నాలుగింటికి ఆ తాతగారి సంగతి మీద విచారణ కమిటీ కూర్చుంటోంది. మూడింటికి నన్నొక్కదాన్నే పిలిచారు. తలుపు వేయమన్నారు. అనుమానం మీకేనా, నాకు రాకూడదా?”

“రానీ. ఏమని వచ్చింది?”

“ఈ పేజీ చింపేస్తే సంతకం పెడతానంటారని.”

“అంటే చింపేస్తావా?”

“నన్నేనా మేడమ్?”

“నిన్నే అడిగేది.”

“ఉద్యోగం మానేసి, నాలుగేళ్ళ పాపని మా అత్తగారి చేతిలో పెట్టి వచ్చాను మేడమ్. రేపు తప్పితే ఇంకో ఏడాది. మొదట్లో ‘ఇంకెన్నాళ్ళమ్మా’ అనేవారు ఆవిడ. ఇప్పుడు అదీ అనడం లేదు, ఊరికే నా మొహం చూస్తారు. అయినా చింపను. మొత్తం పోర్ట్‌ఫోలియోలో అదే మంచి పేజీ.”

“మంచి పేజీ.”

“అదే... నిజమైన పేజీ.”

“నిజమో కాదో తేలాలనే పిలిచాను. ఇది నిజమైతే నా చేత్తో నేనే కమిటీకి ఇవ్వాలి. అబద్ధమైతే నీ మార్కుల కోసం ఒక మనిషి ఉద్యోగం పోతుంది. సగం సగం కుదరదు. లోపలికి రావే ఇన్‌ఛార్జ్ సిస్టరూ, గొళ్ళెం పెట్టలేదు. తలుపు వెనక నిలబడి వినే అలవాటు హాస్టల్లోనూ ఉండేది నీకు.”

“వినాల్సినంతా విన్నాను. ఏమ్మా పీజీ, పోయినవాళ్ళకి ఇరవై వేస్తానా నేను?”

“సిస్టర్! మిమ్మల్ని కాదు... నేను...”

“మరెవర్ని? సోమవారం చార్టులో ఆ ఇరవైలు నా చేత్తో వేసినవే. ఒక నర్సు సెలవు, ఇంకో నర్సు కొత్తపిల్ల. మనిషి మాట్లాడుతున్నాడు, కూర్చున్నాడు, కాఫీ ఎప్పుడిస్తారని అడుగుతున్నాడు. లెక్కపెట్టలేదు. ఇరవై వేశాను. పాతికేళ్ళుగా అలాగే వేస్తున్నాను.”

“కమిటీ ముందు ఇలాగే వాగుతావా?”

“వాగుతాను. నువ్వు నన్ను కాపాడక్కర్లేదు. కానీ ఈ అమ్మాయి నాలుగుసార్లు లెక్కపెట్టిందంటే మాత్రం చచ్చినా నమ్మను. పీజీ వాళ్ళు వార్డుకొస్తే గోడకి బల్లిలా అంటుకుని సెల్ చూసుకుంటారు.”

“లెక్కపెట్టాను సిస్టర్! నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, నిమిషం నిండా, ఛాతీ చూస్తూ. ఆయన కనిపెట్టేశాడు కూడా. ‘ఏమ్మా, చొక్కాకి కొలత తీస్తున్నావా?’ అన్నాడు.”

“ఎప్పుడు?”

“రెండోసారి వెళ్ళినప్పుడు మేడమ్.”

“మూడోసారి ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు.”

“ఎందుకు?”

“ఆయాసం.”

“రఫ్ తియ్యి.”

“చూపిస్తాను. నా చేతిలోనే ఉంటుంది.”

“ఇదేంటి, ప్లాస్టర్ ముక్కా?”

“ఏప్రాన్‌కి అంటించుకుని దాని మీదే రాసుకుంటాం కదా మేడమ్. సిస్టరే నేర్పారు.”

“నేను నేర్పిందేగా, ఏదీ, ఇటు తిప్పు. నువ్వే పట్టుకో తల్లీ, ఎత్తుకుని పారిపోను. ఎనిమిది, ఇరవై రెండు. తొమ్మిదిన్నర... చెమటకి ఇంకు పాకింది. రెండు రకాల పెన్నులు. పక్కన సోమవారం ఆయనకి నేనిచ్చిన ఇంజక్షన్ టైము కూడా ఉంది.”

“ఏమంటావే?”

“ఏమంటాను, సోమవారం నాటిదే. నేను ఇరవై వేసిన అరగంటకి ఈ పిల్ల ముప్ఫై నాలుగు రాసుకుంది. నన్ను ఇంటికి పంపడానికి బెత్తెడు ప్లాస్టర్ చాలు.”

“కూర్చో. నీళ్ళు తాగు.”

“నాకెందుకు నీళ్ళు? వెంటిలేటర్ మీద మూడో రోజు ఆయన. బయట బెంచీ మీద వాళ్ళావిడ. రోజూ నాకు దండం పెడుతోందే. నాకు!”

“మేడమ్, ఇప్పుడైనా నమ్మారా?”

“నమ్మాను.”

“మరి సంతకం?”

“పెడతాను. ఆ పెన్ను ఇలా ఇవ్వు. ఎక్కడ, ఇక్కడేనా?”

“ఆ గీత మీద మేడమ్.”

“ఈ ముప్ఫై ఎవరికి చెప్పావు?”

“మేడమ్?”

“పదకొండుకి ముప్ఫై వచ్చింది కదా. ఎవరికి చెప్పావు?”

“సిస్టర్ బిజీగా ఉన్నారు.”

“నేనా? పదకొండుకి నీకు ఆరడుగుల దూరంలో బల్ల దగ్గర ఉన్నాను. నా దగ్గరికి వచ్చావు కూడా.”

“వచ్చానా? గుర్తులేదు సిస్టర్.”

“నాకు గుర్తుంది. గ్రాఫ్ గీసుకోవాలని స్కేలు అడిగావు. సొరుగులోంచి తీసిచ్చాను.”

“హౌస్ సర్జన్‌కి చెప్పావా?”

“ఆయన... కట్లు మారుస్తున్నారు మేడమ్.”

“ఎక్కడ?”

“తొమ్మిదో మంచం దగ్గర.”

“ఏడుకీ తొమ్మిదికీ మధ్య ఎన్ని మైళ్ళు?”

“చెబుదామనే అనుకున్నాను మేడమ్. మా పాప మీద ఒట్టు.”

“పాపనెందుకు లాగుతావు? ఎప్పుడు చెబుదామనుకున్నావు?”

“పన్నెండున్నరది చూశాక.”

“పాతిక దాటితే క్షణం ఆగకుండా డాక్టర్ని పిలవాలి. ఇదిగో, ఇదే పేజీలో నువ్వే రాశావు, కింద ఎర్ర గీత కూడా గీశావు. ఇరవై ఆరుకి పిలవలేదు. ముప్ఫైకి పిలవలేదు. వేళ్ళు పిసుక్కోకు, నా వంక చూడు. పన్నెండున్నర దాకా దేనికోసం ఆగావు?”

“పోయిన నెల మూడు చుక్కలతో గ్రాఫ్ గీసి తెస్తే, నాలుగు లేకపోతే అది గ్రాఫే కాదని నా మొహాన తిప్పి కొట్టింది మీరే కదా మేడమ్!”