ఐదున్నర గంటల తేడా

నర్సుదే తప్పని మీ కమిటీ తేల్చేసిందట కదా మేడం? బాగుంది. ముగ్గురు పెద్దమనుషులు, ఒక ప్రింటు కాగితం, అరగంట విచారణ.

డాక్టరు కేసు షీటు మీద ఆ మందు రాసింది ఉదయం తొమ్మిదిన్నరకి. ఇంజెక్షన్ ఇచ్చినట్టు కంప్యూటర్లో పడింది తెల్లవారుజామున నాలుగున్నరకి. అంటే డాక్టరు చెప్పకముందే ఇచ్చేసిందన్నమాట. మందు వికటించి పేషెంటు పెద్దాయన కళ్లు తేలేశాడు, ఈవిణ్ణి సస్పెండ్ చేశారు. ఆయన కోలుకున్నాడు లెండి. ఈవిడే ఇంట్లో కూర్చుంది.

నాలుగున్నరకి ఆవిడ డ్యూటీకే రాలేదు కదా, హాజరు పుస్తకంలో సంతకం ఎనిమిదికుంది కదా, ఒక్కరికైనా తట్టిందా? తట్టదు. కంప్యూటర్ చెప్పాక పుస్తకం ఎవరు తెరుస్తారు?

ఆ కంప్యూటర్ సంగతి నన్నడగండి. ఈ ఆసుపత్రి సర్వర్లు పదిహేనేళ్లుగా నేనే చూస్తున్నా. కొత్త సర్వర్ పెట్టేటప్పుడు మీది ఏ టైమ్ జోన్ అని అడుగుతుంది. జాబితాలోంచి మనది ఎంచుకుంటే సరి. లేదంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది.

ఈమధ్య కొత్త సర్వర్ ప్రారంభించిన రోజు మన సూపరింటెండెంటు గారు కోటు సర్దుకుంటూ వెనకే నిలబడ్డారు. "ఫొటో తీసేవాళ్లొచ్చారు, త్వరగా కానీవయ్యా" అని ఒకటే నస. జోన్ సంగతి గాలికొదిలేసి, సర్వర్ గడియారాన్ని చేత్తో ఐదున్నర గంటలు ముందుకి తోసేశారు. చూడ్డానికి టైం సరిపోయింది, ఫొటోలూ బాగా వచ్చాయి.

రెండు వారాలకి సర్వర్ ఆపి మళ్లీ ఆన్ చేయాల్సొచ్చింది. అది నెట్ నుంచి అసలు టైం తెచ్చుకుని, ఐదున్నర గంటలు వెనక్కెళ్లి కూర్చుంది.

తోసిందెవరంటారా? ఉండండి, చెప్తా.

మర్నాడు పొద్దున పది దాటాక ఆ నర్సు నా గదికొచ్చింది. "అన్నయ్యా, గోడ గడియారం పది చూపిస్తోంది, కంప్యూటరేమో నాలుగున్నరంటోంది. ఇప్పుడే ఒక ఇంజెక్షన్ ఎక్కించా, టైం తప్పు పడింది" అంది.

నేను తలైనా తిప్పలేదు. "గోడ గడియారానికి బ్యాటరీ మార్చుకోమ్మా, సర్వర్లు నాకొదిలెయ్" అన్నా. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆవిడ అక్కడే ఒక కాగితం మీద అంతా రాసి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఇదిగో ఆ కాగితం. తొమ్మిది రోజులుగా నా సొరుగులోనే ఉంది. సస్పెండ్ చేశారని విన్న రోజు జోన్ సరిచేశా, ఒక్క నిమిషం పట్టింది. దీన్ని మాత్రం బయటికి తీయలేకపోయా.

తోసింది నేనే మేడం. రాసుకోండి.